పండు వేరు, పండ్లరసం వేరు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. మొన్న కడుపు స్కానింగ్ తీయిస్తే ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1 అన్నారు. ట్రైగ్లిజరైడ్స్ 260 ఉన్నాయి. షుగరు మాత్రం నార్మల్. మా ఇంట్లో మద్యం మాటే లేదు. రెండేళ్లుగా పంచదార కూడా మానేశాను. టీలో బెల్లం వేసుకుంటాను. పరగడుపున వేడినీళ్లలో నిమ్మరసం, రెండు చెంచాల తేనె కలుపుకుంటాను. సాయంత్రం గ్లాసుడు బత్తాయి జ్యూసు. ఇంత జాగ్రత్తగా ఉన్నా కాలేయంలో కొవ్వు ఎలా చేరింది?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: మీరు పంచదార డబ్బా తీసేశారు గానీ, అందులోని సరుకు ఇంకా ఇంటికి వస్తూనే ఉందమ్మా. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే, అంటే పంచదారే. అది చిన్నపేగులో సగం గ్లూకోజ్‌గా, సగం ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. తేనెలోనైతే ఫ్రక్టోజ్ దాదాపు 38 శాతం, గ్లూకోజ్ 31 శాతం దాకా ఉంటాయి. ఇక జ్యూసు కోసం మూడు నాలుగు బత్తాయిలు పిండి, పిప్పి పారేసి, తీపినంతా రెండు నిమిషాల్లో తాగేస్తున్నారు.

గ్లూకోజ్‌ను మెదడు, కండరాలు, ఒంట్లోని ప్రతి భాగమూ వాడుకుంటుంది. ఫ్రక్టోజ్ అలా కాదు. పేగు నుంచి రక్తంలోకి చేరగానే నేరుగా కాలేయానికి వెళ్తుంది, అందులో చాలా భాగాన్ని కాలేయమే పట్టుకుంటుంది. గ్లూకోజ్ దారిలో మీ డెల్టా కాలువలకున్నట్టు లాకులున్నాయి: కణానికి శక్తి చాలినంత ఉంటే అవి మూసుకుంటాయి. ఫ్రక్టోజ్ ఆ లాకులను తప్పించుకుని పక్కదారిన దిగుతుంది. వచ్చినదాన్ని వచ్చినట్టే కాలేయం మార్చేయాలి. కొంత గ్లూకోజ్ అవుతుంది, కొంత గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది, ఒక్కసారిగా ఎక్కువ పడితే కొంత కొవ్వవుతుంది. ఆ కొవ్వు కాలేయంలోనే పేరుకుంటుంది, ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకీ వస్తుంది. మీ రిపోర్టులో కనిపించేవి ఈ రెండే. షుగరు పరీక్ష కొలిచేది గ్లూకోజ్‌ను కాబట్టి అది నార్మల్ వచ్చిందని కాలేయం బాగుందనుకోకూడదు.

2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ రాబర్ట్ లస్టిగ్ బృందం ఊబకాయం ఉన్న పిల్లలకు 9 రోజులపాటు చక్కెర తగ్గించి, తగ్గిన మేరకు క్యాలరీలను పిండిపదార్థాల నుంచి ఇచ్చింది. అంత కొద్ది రోజుల్లోనే ట్రైగ్లిజరైడ్స్ తగ్గాయి. కాలేయంలో కొవ్వు కూడా తగ్గిందని ఆ బృందమే తర్వాత చూపించింది. అలాగని ఫ్రక్టోజ్ ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టను. మొత్తం తిండి పెరగనప్పుడు కొద్దిపాటి ఫ్రక్టోజ్‌తో పెద్ద తేడా రాలేదన్న అధ్యయనాలూ ఉన్నాయి. అవసరానికి మించి తిన్నప్పుడు, అదీ తాగే రూపంలో తీసుకున్నప్పుడు హాని ఎక్కువ. రెండు పూటలా పళ్లెం నిండా తెల్లన్నం తిని కదలకుండా కూర్చున్నా ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి.

పంచదార, బెల్లం, తేనె, పండ్లరసం అన్నిటిలోని చక్కెర కలిపి రోజుకు 50 గ్రాములు దాటకూడదని, 25 లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 25 గ్రాములంటే ఆరు టీస్పూన్లు. మీ తేనె, జ్యూసు కలిస్తేనే ఆ లెక్క దాటుతోంది. ఈ రెండూ ఇవాళే ఆపండి. బత్తాయిని తొనలుగా తినండి. పీచుతో నమిలి తింటే తీపి మెల్లగా దిగుతుంది, ఒకటి తినేసరికే చాలనిపిస్తుంది. బరువు ఎక్కువుంటే అందులో 7 నుంచి 10 శాతం తగ్గేలా చూసుకోండి, కాలేయానికి అంతకంటే మంచి మందు లేదు. థైరాయిడ్ పరీక్ష కూడా ఒకసారి చేయించండి.

ప్రశ్న: మా నాన్నగారికి షుగరు ఉంది. పండ్లలో ఉండేది ఫ్రక్టోజ్ కాబట్టి షుగరు పెరగదని, బంగినపల్లి ఎన్నయినా తినొచ్చని పక్కింటివాళ్లు అంటున్నారు. ఫ్రక్టోజ్ పొడి కూడా కొనమంటున్నారు.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మామిడిలో ఉన్నది ఫ్రక్టోజ్ ఒక్కటే కాదు, సుక్రోజే ఎక్కువ. 100 గ్రాముల గుజ్జులో 14 గ్రాముల దాకా చక్కెరలుంటాయి. షుగరు అదుపులో ఉంటే నాలుగు ముక్కలు పెట్టండి, ఆ పూట అన్నం ఆ మేరకు తగ్గించండి. పెరుగన్నంలో నంజుకునే అలవాటుంటే అన్నం, పండు రెండూ ఒకేసారి లెక్కకెక్కుతాయి. పొడి మాత్రం కొనకండి. వెంటనే షుగరు పెంచకపోయినా, దాని భారం కాలేయం మీదే పడుతుంది.

ప్రశ్న: వయసు 34. కాలి బొటనవేలు వాచి గౌట్ అన్నారు. యూరిక్ యాసిడ్ 8.4. మాంసం, పప్పు మానేశాను. కూల్‌డ్రింకులు మాత్రం రోజుకు రెండు తాగుతాను. అది తప్పు కాదుగా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ముందు మానాల్సింది అదే! అందులోని ఫ్రక్టోజ్‌ను మార్చే మొదటి అడుగులోనే కాలేయ కణానికి శక్తినిచ్చే ఏటీపీ వేగంగా ఖర్చవుతుంది, అది విరిగిన ముక్కలు చివరికి యూరిక్ యాసిడ్ అవుతాయి. అమెరికాలో 46 వేల మందికి పైగా మగవాళ్లను 12 ఏళ్లు గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు రెండు అంతకుమించి తీపి కూల్‌డ్రింకులు తాగేవాళ్లకు గౌట్ ముప్పు 85 శాతం ఎక్కువగా కనిపించింది. పప్పు మళ్లీ మొదలుపెట్టండి, పప్పులూ కూరగాయలతో గౌట్ పెరిగిన దాఖలా పెద్దగా లేదు. మీ డాక్టరు రాసిన మందులు సొంతంగా ఆపకండి.

ప్రశ్న: ఇక్కడ అన్నిటిలో కార్న్ సిరప్ ఉంటుందని భయపడి ఇండియన్ స్టోర్ పంచదారే వాడుతున్నాం. మంచిదేనా?
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: కూల్‌డ్రింకుల్లో వాడే కార్న్ సిరప్‌లో ఫ్రక్టోజ్ 55 శాతం ఉంటే పంచదారలో 50 శాతం. ఆ కాస్త తేడాకు కాలేయం ఊరట పొందదు. మీ దగ్గర లేబుల్ మీద ‘యాడెడ్ షుగర్స్’ అని విడిగా గ్రాముల్లో రాస్తారు. పిల్లల ఫ్లేవర్డ్ యోగర్ట్, కెచప్, బ్రెడ్ కొనేటప్పుడు ముందు ఆ వరుస చూడండి.