కాఫీ వేపుడు, మూలికౌషధము: ఒక ఇంటికి రెండు వాకిళ్ళు

పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతపు కొండవాలులయందు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పండుచున్నది. ఆ చెట్లకే మిరియపు తీగెలు ప్రాకుచున్నవి. తోట దాటినంతనే అడవిలో కరక్కాయ, ఉసిరిక, నల్లజీడి, చిల్లగింజ, తిప్పతీగె లభించుచున్నవి. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ ఈ అటవీఫలసాయమును, దానితోపాటు కాఫీ గింజలను గూడ కొనుచు వచ్చినది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంతటి ముడిసరకు కంటియెదుట నుండగా, పట్టము పుచ్చుకొని పట్టణములో చిన్న జీతపు కొలువునకై ఏండ్లకొలది నిరీక్షించు యువతీయువకులకు, కాఫీ గింజలు వేపి అమ్ము చిన్న కార్ఖానాను, దాని సరసనే మూలికౌషధముల తయారీని జీవనమార్గముగా స్వీకరింపవచ్చునా యను ప్రశ్న తోచుట సహజము. స్వీకరింపవచ్చును. కాని ఈ రెండు వృత్తులకు పనితనము ఒక్కటియే యైనను చట్టము వేరు, గది వేరు, కొనుగోలుదారుతో పలుకవలసిన మాట వేరు. ఈ భేదమును మొదటనే గ్రహింపనివాడు రెండింటిని చెడగొట్టుకొనును.

ముందుగా పనితనమును గూర్చి చెప్పెదను. ఏలయన యువకుడు తన చేతికి ఈ పని తగునో తగదో తెలిసికొనవలసినది ఇక్కడనే. పదునొకటి పన్నెండు శాతము తేమగల పచ్చిగింజలను వేడెక్కిన డ్రమ్ములో పోసినప్పుడు, అవి మొదట పసుపువన్నెకు తిరిగి, కాల్చిన రొట్టె వాసన నిచ్చి, పిదప గోధుమవన్నె నొంది, సుమారు 196 డిగ్రీల సెంటిగ్రేడు దాపున లోపలి ఆవిరి ఒత్తిడికి పేలాలవలె చిటపటమని పగులును. ఆ చప్పుడు వినబడిన పిమ్మట గడచు ఒకటి రెండు నిమిషములలోనే గింజయొక్క పులుపు, తీపి, చేదుల తుది నిర్ణయము జరిగిపోవును. ఆయుర్వేద తైలపాకములో సరిగా దీనికి విపర్యయము కలదు. ఒక పాలు మూలికల కల్కమునకు 4 పాళ్ళ నూనె, 16 పాళ్ళ ద్రవము చేర్చి కాచునప్పుడు, పాకము వచ్చినదో లేదో తెలియుటకు వైద్యుడు కొంచెము కల్కమును వ్రేళ్ళమధ్య నలిపి వత్తిగా చేసి నిప్పులో వేయును; అది చిటపటలాడినచో తేమ ఇంకను మిగిలియున్నదని, నిశ్శబ్దముగా కాలినచో పాకము సిద్ధించినదని అర్థము. ఒకచోట చప్పుడు కొరకు, మరియొకచోట చప్పుడు లేమి కొరకు చెవియొగ్గవలెను. మన శాస్త్రకారులు తైలమునకు మృదు, మధ్యమ, ఖరమని మూడు పాకములు చెప్పి, నస్యమునకు మృదువును, త్రాగుటకు మధ్యమమును, ఒంటికి మర్దించుటకు ఖరమును విధించినారు. కాఫీ వేపువారు సైతము లేత వేపు, నడిమి వేపు, ముదురు వేపు అని మూడు తరగతులు చేసి, పాలు లేని కాఫీకి మొదటిదానిని, మన ఇండ్లలోని చిక్కని పాలకాఫీకి చివరి రెండింటిని వాడుదురు. గడియారమును మాత్రమే నమ్మక, కన్ను, ముక్కు, చెవి మూడింటిని ఒక్కసారి పనిలో నిలుపగలవానికి ఈ రెండు వృత్తులును అబ్బును.

కాఫీపని నేర్చుటకు ఆధారములు కలవు. 1942 నాటి చట్టముననుసరించి ఏర్పడిన కాఫీ బోర్డు, బెంగుళూరు కేంద్రముగా, వేపుటయందును డికాక్షన్ తీయుటయందును కాపీశాస్త్ర మను పేర కొలది దినముల శిక్షణ నిచ్చుచున్నది. విజ్ఞానశాస్త్రములలో పట్టభద్రులైనవారికి కాఫీ నాణ్యతానిర్వహణలో ఒక సంవత్సరపు డిప్లమా గూడ కలదు. చిక్కమగళూరు జిల్లా బాలెహొన్నూరులోని కేంద్ర పరిశోధనాలయమును, మన చింతపల్లి సమీపమున ఆర్.వి.నగర్ లోని ప్రాంతీయ పరిశోధనాకేంద్రమును విద్యార్థి తప్పక చూడవలెను. చవిచూచు విద్యను గూడ అలక్ష్యము చేయరాదు: 150 మిల్లీలీటర్ల వేడినీటికి 8.25 గ్రాముల పొడి చొప్పున గిన్నెలలో పోసి, నాలుగు నిమిషములు నాననిచ్చి, పైకి తేలిన పొరను చెంచాతో పగులగొట్టి వాసన చూచుట ప్రపంచమంతట పాటింపబడు పద్ధతి. ఇంటిలో ఐదారు గిన్నెలు, ఒక చిన్న త్రాసు ఉన్న చాలును.

లెక్క విషయములో చాలమంది తొందరపడుచున్నారు. వంద కిలోల పచ్చిగింజలు వేపిన పిదప సుమారు ఎనుబదియైదు కిలోలు మాత్రమే మిగులును. ముదురు వేపునకు ఇంకను తగ్గును. పచ్చిగింజ ధరపై లాభము కట్టుకొన్నవాడు ఈ తరుగును మరచి నష్టపోవును. కిలో పట్టు యంత్రము, చల్లార్చు సమయము గూడ కలుపుకొని, గంటకు మూడు నాలుగు వాయిలకు మించి ఇయ్యదు. కావున దినమంతయు శ్రమించినను ఎంత సరకు వచ్చునో ముందే లెక్కింపవచ్చును. వేపునప్పుడు రాలు సన్నని పొట్టు పొగగొట్టములో పేరుకొని అంటుకొను ప్రమాద మున్నది గనుక దానిని ఎప్పటికప్పుడు శుభ్రపరచుట ఖర్చులో కాకపోయినను బాధ్యతలో చేరవలెను. చికోరీ కలిపి అమ్ముట తప్పు కాదు. అయితే మిశ్రమములో కాఫీ 51 శాతమునకు తగ్గరాదు, ఆ పాళ్ళు పొట్లముపై స్పష్టముగా ముద్రింపబడవలెను. ఇవన్నియు ఆహారభద్రతా సంస్థ యొక్క నమోదు లేక లైసెన్సు క్రిందికి వచ్చు విషయములు.

మూలికలవైపు వచ్చునప్పటికి మార్గము ఇరుకగును, ఇరుకగుటయే న్యాయము. అంగడిలో అమ్ము ఆయుర్వేద ఔషధమునకు 1940 నాటి ఔషధ, సౌందర్యసాధనముల చట్టము క్రింద రాష్ట్ర ఆయుష్ శాఖ యొక్క తయారీ లైసెన్సు ఉండవలెను. తయారీశాల షెడ్యూల్ టి నిబంధనలకు లోబడవలెను. ఆయుర్వేదములోగాని ఆయుర్వేద ఫార్మసీలోగాని అర్హతగల వ్యక్తి పూర్తికాలము పర్యవేక్షింపవలెను. తన రోగులకొరకు స్వయముగా మందు నూరుకొను వైద్యునికి చట్టము మినహాయింపు నిచ్చినది. పొట్లము కట్టి ఊరూర అమ్మువానికి అది వర్తింపదు. ఇది వట్టి కాగితపు నిర్బంధమని తలపరాదు. పైన పేర్కొనిన నల్లజీడినే చూడుడు: దాని పెంకులోని రసము తగిలినంతనే చర్మము బొబ్బలెక్కును, శాస్త్రోక్తముగా శోధించినప్పుడు మాత్రమే అది ఔషధమగును, చట్టములోని విషద్రవ్యముల పట్టికలో వత్సనాభి, ఉమ్మెత్తలతోపాటు అదియు కలదు. కావున ఇంటర్మీడియట్ విద్యార్థికి ఈ మార్గముపై నిజమైన ఆసక్తి యున్నచో, నీట్ పరీక్ష వ్రాసి, విజయవాడ, తిరుపతి, వరంగల్లు, హైదరాబాదులలోని కళాశాలలలో నాలుగున్నర సంవత్సరముల చదువును, సంవత్సరపు శిక్షణను కలిగిన బి.ఎ.ఎం.ఎస్. పట్టమునకు పూనుకొనుట శ్రేయస్కరము. చదువు ముగించినవారు అట్టి పట్టభద్రునితో భాగస్వామ్యము కుదుర్చుకొనవలెను.

రెండు పనులు ఒకే ఇంటివైనను ఒకే గదిలో చేయదగవు. వేపిన కాఫీగింజ పరిసరముల వాసన నంతయు తనలోనికి లాగుకొనును. కర్పూరము, వాముపువ్వు, పుదీనపువ్వు మూడును ఒక సీసాలో వేసినచో నిప్పు లేకయే కరిగి ద్రవమగును. అట్టి సీసా ఒక రాత్రి మూత సడలి యున్న గదిలో కాఫీసంచి ఉంచినచో, ఆ సంచిలోని సరకు మరునాడు గిరాకీకి ఇచ్చుటకు పనికిరాదు. కాఫీపొట్టు గాలికి లేచి చూర్ణములలో పడుట అంతకంటె ఘోరము, ఏలయన అక్కడ చెడునది రుచి కాదు, ఔషధము. వేరువేరు వాకిళ్ళు, వేరువేరు మరలు, వేరువేరు జల్లెడలు, సాధ్యమైనచో వేరువేరు పనివారు ఉండవలెను.

వ్యాపారభాషను గూర్చి ఒక పూర్వోదాహరణము స్మరింపదగినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించి, దాని రాబడితో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసునుండి దినపత్రికగా వెలువరించిరి. తలనొప్పికి పూసుకొను లేపనము ఒక జాతి పత్రికను పోషించిన దన్నచో, మూలికావ్యాపారము ఎంతటి గౌరవమునకు తగినదో తెలియును. అట్టి గౌరవమును నేడు కొందరు ఆశకొలది మాటలచే చెరచుచున్నారు. మధుమేహమును, కాన్సరును, మూర్ఛరోగమును నయము చేయుదుమని ప్రకటించుట 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టముచే నిషిద్ధము. అశ్వగంధ కలిపిన కాఫీని కాఫీగా అమ్మదలచినవారు 2022 నాటి ఆయుర్వేద ఆహార నిబంధనలను చదివి, అది రోగము పోగొట్టునని పొట్లముపై ఒక్క అక్షరమైనను వ్రాయకుండవలెను. రోగి ఆశ మిక్కిలి సుకుమారమైనది; దానిపై లాభము గడించుట నాకు సహింపరాని విషయము.

క్రమము విషయమున నా అభిప్రాయము స్పష్టము: కాఫీ ముందు, ఔషధము వెనుక. కాఫీపంట కార్తికము మొదలు మాఘమువరకు చేతికివచ్చును. బాగుగా ఎండిన పచ్చిగింజ తేమ తగులకుండ దాచినచో మరుపంటవరకు నిలుచును. వేపిన గింజ వారములలో అమ్ముడుపోయి పెట్టుబడిని త్వరగా తిప్పును. ఆ ఆదాయము స్థిరపడిన పిదప ఔషధశాలకు పూనుకొనవచ్చును. పెట్టుబడికై ప్రధానమంత్రి ఉపాధికల్పన పథకము క్రింద, ప్రాంతమును వర్గమును బట్టి 15 నుండి 35 శాతమువరకు రాయితీ కలదు. జిల్లా పరిశ్రమల కేంద్రమునకు పోవునప్పుడు కాఫీ ప్రణాళికను, ఔషధ ప్రణాళికను వేర్వేరు కాగితములపై, వేర్వేరు ఖర్చులతో వ్రాసికొని పొండు. పచ్చిగింజలను రైతువద్దనే కొని, పండు ఎఱ్ఱబారినదే కోసినవానికి ఎక్కువ ధర ఇండు. నాణ్యతకు మూలము అక్కడనే యున్నది. అర్హుడైన వైద్యుడు తోడు దొరకనివారు కాఫీతోనే ఆగుడు. కరక్కాయను, ఉసిరికను, తిప్పతీగెను శుభ్రపరచి, నీడలో ఆరబెట్టి, లైసెన్సుగల ఔషధశాలలకు ముడిసరకుగా అమ్ముటయు గౌరవప్రదమైన వర్తకమే.