కేకు మీద కేకు ఆనకూడదు

బుజ్జీ,

అక్క పెళ్లి కేకు నువ్వే చేస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషించాను తల్లీ. మూడంతస్తులు కాబట్టి కొన్ని సంగతులు ముందే చెబుతున్నాను.

మే నెలలో గుంటూరు ఎండకి బటర్‌క్రీమ్, ఫ్రెష్ క్రీమ్ నిలవవు. ఫ్రూట్ కేకు చెయ్యి. దానిపైన జీడిపప్పు మార్జిపాన్, ఆపైన ఫాండెంట్ వెయ్యి. వారం ముందే బేక్ చేసి పెట్టుకోవచ్చు, ఫ్రిజ్ అక్కర్లేదు. ఫ్రిజ్‌లోంచి తీస్తే ఫాండెంట్‌కి చెమట పడుతుంది కూడా.

12, 9, 6 అంగుళాల టిన్నులు తీసుకో. ఎత్తు ఒకటే అయినా 6 అంగుళాల దానికన్నా 12 అంగుళాల దానికి పిండి నాలుగింతలు పడుతుంది. ఆ పెద్ద టిన్ను మీ ఓవెన్‌లో పట్టకపోతే మీ వీధి బేకరీలో బేక్ చేయించు. మూడూ కలిపి 100 చిన్న ముక్కలు వస్తాయి. మిగతా చుట్టాలకి అదే పిండితో పలకల కేకులు చేసి వంటింట్లోనే కోయించు. జనం ఎక్కువని అంతస్తులు పెంచకు.

ఇక అసలు మాట. పై కేకు కింది కేకు మీద ఆనకూడదు, లోపలి పుల్లల మీద నిలబడాలి. ప్రతి అంతస్తు కింద దాని సైజుకే కోసిన గట్టి అట్ట ఉండాలి. 9 అంగుళాల అట్టను పెద్ద కేకు మీద మెల్లగా అద్దితే గుండ్రని గుర్తు పడుతుంది. ఆ గీతకి లోపల ఆరు డావెల్ పుల్లలు అడుగు అట్ట తగిలేదాకా దించు. కేకు ఎత్తైన చోట పుల్ల మీద గుర్తు పెట్టుకుని, బయటికి తీసి, అన్నీ సరిగ్గా ఆ పొడవుకే కొయ్యి. ఒక్కటి పొట్టిదైనా పై బరువు అటే ఒరుగుతుంది. మధ్య కేకులో నాలుగు చాలు. అన్నిటికీ అడుగున 16 అంగుళాల ప్లైవుడ్ పలక వెయ్యి.

చర్చి హాలుకి మూడూ విడివిడి పెట్టెల్లో పంపించు. కారులో ఒళ్లో పెట్టుకోవద్దు, సమతలంగా ఉన్న చోట పెట్టి ఏసీ వేయించు. బల్ల ఊగకుండా చూశాకే పేర్చు. పెద్ద కేకు అంచున అంగుళమున్నర మేర పుల్లలుండవు. అక్కా బావా కత్తి పెట్టాల్సింది అక్కడే. పంచేవాళ్లకి పుల్లలు ఎన్నున్నాయో చెప్పు, పిల్లల నోటికి పోకుండా లెక్కపెట్టి తీయించు.

పేర్చేటప్పుడు రెండో మనిషి తప్పనిసరి. తమ్ముణ్ణి ఇప్పుడే అడిగిపెట్టుకో. పెళ్లికి ముందొకసారి ఖాళీ టిన్నులు, అట్టలతో ఇద్దరూ పేర్చి చూడండి. మీ ఓవెన్ లోపలి కొలతలు రాసి పంపు, పాళ్లు లెక్కగట్టి ఇస్తాను.

దీవెనలతో,
నీ పెద్దమ్మ