అరణ్యములో ఏలీయా

పాఠ్యభాగము: 1 రాజులు 19:1–18

అరణ్యమనగానే మనకు నల్లమల వంటి దట్టమైన అడవి తోచును. ఏలీయా పోయినది అట్టిది కాదు. అది వానలు తక్కువైన బీడు. సిద్ధవటము ప్రక్కన లంకమల క్రింది ముండ్లపొదలను చూచినవారు దానిని సులభముగా ఊహింపగలరు. అతడు బదరీవృక్షము క్రింద కూర్చుండెనని మన బైబిలు చెప్పుచున్నది. బదరి యనగా రేగు. మూలభాషలోని చెట్టు వేరే గాని, చేనిగట్టున రేగునీడన కూర్చుండు మనవారికి ఆ మాట చక్కగా తగును.

అక్కడ అతడు చావు కోరెను. దేవుడు అతని గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, రొట్టెయు నీళ్లును రెండుమారులు పంపెను, మాటలాడినది తరువాతనే. కరవు ఏట అప్పులపాలై అట్లే పలికిన యొక రైతునొద్దకు నేను వాక్యము మాత్రమే పట్టుకొని వెళ్లితిని. ఆ యింట పొయ్యి రాజలేదని తిరిగి వచ్చునప్పుడు చూచితిని.

హోరేబులో ఏలీయా తానొక్కడే మిగిలితిననెను. నూరుమంది ప్రవక్తలను గుహలలో దాచితినని ఓబద్యా చెప్పగా వినియు అట్లనెను! 1900 తరువాత కనబడక, నశించెనని పండితులు తలంచిన కలివికోడి 1986లో లంకమల ప్రాంతపు పొదలలో దొరికెను. రాత్రివేళ తిరుగు ఆ పక్షిని పట్టి చూపినవాడు అక్కడి పల్లెవాడే. ఏలీయా ఎరుగని ఏడువేలమందియు అట్లే ఇశ్రాయేలు ఊళ్లలో ఉండిరి.