‘డెలికసీ’ యను మాట – దాని నానార్థములు

గత మాసమున మా తరగతి విద్యార్థులకు, ఆంగ్లమునుండి తెనుగు చేయుటకై, నాలుగు వాక్యముల నిచ్చితిని. నాలుగింటను ‘డెలికసీ’ యను మాటయే కలదు. మొదటిది విందును గూర్చినది. రెండవది గడియారపు యంత్రమును, మూడవది రోగియగు నొక బాలుని గూర్చినవి. నాలుగవది, కరువుకాలమున పొరుగింటికి ధాన్యము పంపిన యొక యిల్లాలిని గూర్చినది. పెక్కుమంది నాలుగు చోట్లను ‘సౌకుమార్యము’ అని వ్రాసిరి. విందులో సౌకుమార్యమును వడ్డించిన నెవ్వరు తినగలరు?

తప్పు పిల్లలది మాత్రమే కాదు. ఆ మాట బహురూపి. దాని పుట్టిల్లు లాటిను భాష. అచ్చట ‘డెలికాటుస్’ అనగా ఇంపైనది, భోగలాలసమైనది. 14వ శతాబ్దినుండి ఆంగ్లమున వాడుకలో నుండి, కాలక్రమమున నది రుచిగల భక్ష్యమునకును, సన్నని పనితనమునకును, దుర్బలమైన దేహమునకును, పరుల మనస్సు నొవ్వకుండ మెలగు నేర్పునకును చెల్లసాగెను. తొలి యర్థమగు భోగలాలసత మాత్రము నేడు మరుగుపడినది.

మన భాషలో నీ యర్థములన్నియు నొక యింట నుండవు. భక్ష్యమందుమా, విడపనకల్లు ప్రాంతమున పండుగనాటి ఓళిగను చెప్పవలెను. బళ్ళారి మొదలుకొని మనవారు మెచ్చు ఉగ్గానిని చెప్పవలెను. నానిన బొరుగులను పిండి, పోపున గలిపి, పప్పులపొడి చల్లి, ప్రక్కన మిరపకాయ బజ్జి పెట్టిన చాలును. పేదవాని ఫలహారమే యైనను, దానిని డెలికసీ యనుటకు నేను వెనుదీయను.

యంత్రమునకు ‘సున్నితము’ తగును. బంగారము తూచు త్రాసు సున్నితము. ఇరువురి నడుమ తగవును సున్నితమే. ఇట్టి చోట్ల పొరుగు కన్నడమువారు ‘సూక్ష్మ’ మందురు. పారసీకమునుండి వచ్చిన ‘నాజూకు’నందు కొంత యెగతాళి ధ్వనించును. ‘సు’ అను నుపసర్గతో ‘కుమార’ శబ్దము చేరి యేర్పడిన ‘సుకుమారము’నందు లేతవయస్సు కలదు గాని, జబ్బు లేదు. కావున మూడవ వాక్యమున బాలుని ‘అర్భకు’డనుట మేలు. మన రైతు లెరిగిన సున్నితము వేరొకటి. వేరుశనగ పూత వాడినపిమ్మట ఊడ నేలలోనికి దిగును. అప్పుడు వాన తప్పి నేల గట్టిపడెనా, ఊడ దిగదు, కాయ పట్టదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే గల జిల్లాలో దీనిని వివరింప బనిలేదు.

ఇక నాలుగవ వాక్యము. ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయమున, అరకాలు నేల మోపనొల్లని సుకుమారి యొకతె ముట్టడినాటి యాకలిలో నెట్లగునో చెప్పబడినది. ఆకలి ముందర దేహసౌకుమార్యము నిలువదు. అభిమాన మట్లు కాదు. 1876–78 నాటి ధాత కరువు బళ్ళారి మండలమును మిక్కిలి పీడించెను. అనంతపురము ప్రత్యేక జిల్లా యైనది 1882లో గాన, అప్పటి కీ సీమయు నందులోనిదే. 1877లో సర్ రిచర్డు టెంపులు, కరువుపనిలో మగవానికి దినకూలి ఒక పౌను ధాన్యమును ఒక అణాయు నని తగ్గించెను. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిషు, ఇది చాలదని యాక్షేపించెను. కొలది మాసములలోనే కూలి పెంచవలసివచ్చెను. సున్నితపు త్రాసుతో నాకలిని తూచినవారికి సున్నితమైన మనస్సు కూడ నుండవలెనను నియమము లేదు!

ఆకలిగొన్నవాడు పరుల యింట ‘ఇప్పుడే తిని వచ్చితి’ననును. దానిని మనము మొగమాట మందుము. అది యెరిగి, అడుగకయే విస్తరి వేయు గృహిణి గుణమునకు ఒంటిపదము నాకు దొరకలేదు. నిఘంటువులలో వరుసగా నిచ్చిన పదము లేవియు నిచ్చట నతుకవు. ఇట్టిచోట పదమును విడిచి వాక్యమునే మార్చవలెను.

ఒక్క విద్యార్థి మాత్రము అట్లు చేసెను. ‘పొరుగామె చిన్నబుచ్చుకొనకుండునట్లు, చీకటి పడినపిమ్మట పిల్లవానిచేత పంపెను’ అని వ్రాసెను. మూలమున చీకటియు లేదు, పిల్లవాడును లేడు. ఐనను పూర్తి మార్కుల నిచ్చితిని. ఇది యెక్కడ నేర్చితివని యడుగగా, వాడు తలవంచుకొని యూరకుండెను. నేనును మరల నడుగలేదు.