హైపాక్సియా: వైద్య పరిభాష నుండి సాగు క్షేత్రానికి

కణజాలానికి అవసరమైనంత ఆక్సిజన్ అందని స్థితిని వైద్యులు 'హైపాక్సియా' అంటారు. ధమని రక్తంలో ఆక్సిజన్ తగ్గితే అది 'హైపాక్సీమియా'. కణజాలంలో పూర్తిగా లోపిస్తే 'అనాక్సియా'. సస్య శరీరధర్మ శాస్త్రం మొదటి, మూడవ పదాలను అదే అర్థంలో స్వీకరించింది. మొక్కకు రక్తం లేదు. వేరు ప్రధానంగా నేల రంధ్రాలలోని గాలి నుండే ఆక్సిజన్‌ను గ్రహిస్తుంది.

ఆ రంధ్రాలు నీటితో నిండినప్పుడు ఆక్సిజన్ వ్యాపనం గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు మందగిస్తుంది. శక్తి కొరవడిన వేరు నీటిని, పోషకాలను సరిగా గ్రహించలేదు. అందువలన నీటిలో నిలిచిన మొక్క కూడా వడలుతుంది.

మార్కాపురం, గిద్దలూరు వంటి వర్షాభావ ప్రాంతాలలో వడలిన పైరును చూడగానే బెట్టగా భావించడం సహజం. అయితే భారీ వర్షానంతరం నల్లరేగడిలో వడలిన కందికి మరల తడి ఇస్తే హాని పెరుగుతుంది. కంభం చెరువు ఆయకట్టులోని వరికి వేర్లలో గాలి గదులు సమృద్ధిగా ఉంటాయి. కందికి ఆ రక్షణ అంతగా లేదు.

నిర్ధారణకు కాండాన్ని చీల్చి చూడాలి. లోపల గోధుమ లేదా నల్లని చారలుంటే ఎండు తెగులును అనుమానించాలి. చారలు లేక, నేల బురదగా, వేర్లు మెత్తబడి ఉంటే ఆక్సిజన్ కొరతను అనుమానించాలి. మురుగునీటిని తీసివేయడమే ప్రథమ చికిత్స. పిదప లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి పిచికారీ చేయవచ్చు.

నేలలో ఆక్సిజన్‌ను కొలవనప్పుడు నివేదికలో 'నీటి ముంపు' అని వ్రాయడమే సముచితం. రైతుకు మాత్రం "వేరుకు ఊపిరాడడం లేదు" అంటే చాలును.