చిన్న కీబోర్డు - పోయిన మీటలు

"పిట్ట కొంచెం, కూత ఘనం" అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈనాడు హాస్టలు గదుల్లో అర్ధరాత్రి దాకా టకటకమని మోగే బుల్లి మెకానికల్ కీబోర్డులను చూస్తే ఆ సామెత నిజమే అనిపిస్తుంది. సెకండ్ హ్యాండులో నేనూ ఒకటి కొన్నాను. శంషాబాదు నుంచి ఆరాంఘర్ మీదుగా బస్సులో నిలబడి వచ్చే నాబోటి వాళ్లకు సంచిలో పట్టే వస్తువు కావాలి కదా! కాని దానితో వచ్చిన చిక్కు మా నాయన పొలం దాకా పోయింది. అందుచేత దాని లాభనష్టాలను మిత్రుల ముందుంచుతున్నాను.

మొదట మెకానికల్ అంటే ఏమిటో చూద్దాం. మామూలు కీబోర్డులో చాలావరకు మీటలన్నిటి కింద ఒకే రబ్బరు పొర ఉంటుంది. మెకానికల్ దానిలో ప్రతి మీటకూ విడిగా ఒక స్విచ్చి, అందులో ఒక స్ప్రింగు ఉంటాయి. సాధారణంగా మీట 4 మి.మీ. లోతు దిగుతుంది. అందులో సగం దిగగానే అక్షరం పడుతుంది. అడుగుదాకా గుద్దనక్కరలేదు. ఒక స్విచ్చి చెడితే అదొక్కటే మార్చుకోవచ్చు.

ఇక సైజు సంగతి. చిన్నదంటే మీటలు ఇరుకని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఒక మీట నడిమి నుంచి పక్క మీట నడిమికి దూరం రెండింటిలోనూ 19.05 మి.మీ., అంటే ముప్పావు అంగుళమే. తగ్గేది మీటల సంఖ్య. పూర్తి సైజు దానిలో 104 మీటలుంటాయి. 'అరవై శాతం' అనే రకంలో 61, 'నలభై శాతం' అనే రకంలో సుమారు 40 నుంచి 48 ఉంటాయి. వరుసకు 12 మీటలైతే వెడల్పు 12 × 19.05 = 228.6 మి.మీ. పెద్దది సుమారు 430 మి.మీ. ఉంటుంది. మిగిలిన జాగాలో ఒక నోటుబుక్కు పెట్టుకోవచ్చు. మౌసు కోసం చెయ్యి దూరం చాపనక్కరలేదు.

మరి పోయిన మీటలు ఎక్కడికి పోయాయి? 'లేయర్లు' అనే పొరల్లోకి పోయాయి. బొటనవేలితో ఒక మీట నొక్కి పట్టుకుంటే పై వరుస అక్షరాలే అంకెలవుతాయి. సేద్యం మాటల్లో చెప్పాలంటే, భూమి తగ్గినప్పుడు అదే మడిలో రెండో పంట వేసినట్టు. పంట వస్తుంది గాని జాగ్రత్త రెట్టింపు కావాలి.

ఇంగ్లీషుకు 26 అక్షరాలే గనుక ఇబ్బంది తక్కువ. మన తెలుగు సంగతి వేరు. 1991లో భారత ప్రమాణాల సంస్థ వెలువరించిన ప్రమాణంలో ఇన్‌స్క్రిప్ట్ అనే అమరిక ఉంది. అందులో గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. ఇంగ్లీషు సెమీకోలన్ ఉన్నచోట 'చ', దాని పక్కన 'ట', బ్రాకెట్టు దగ్గర 'డ', ఏటవాలు గీత ఉన్నచోట 'య' ఉంటాయి. 'కొ'లోని ఒత్వం అంకెల వరుసలో 1కి ఎడమన ఉంటుంది. నలభై శాతం కీబోర్డులో ముందుగా ఎగిరిపోయేవి సరిగ్గా ఈ అంచు మీటలే! 'చెయ్యి', 'కొట్టు', 'గొడ్డు' అని రాయాలంటే మాటిమాటికీ పొరలు మార్చాలి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతిలో ఈ బాధ తగ్గుతుంది గాని అంకెల బాధ తగ్గదు.

పోయిన ఎండాకాలం మా నాయన పొలం కాగితం కోసం ఒక దరఖాస్తు కొట్టాను. మన దగ్గర సర్వే నంబర్లకు అ, ఆ అని బై నంబర్లుంటాయి. మాది 'ఆ'. అంకెలకు ఒక పొర, ఏటవాలు గీతకు ఇంగ్లీషు, మళ్లీ తెలుగు, తర్వాత షిఫ్టు. ఇన్‌స్క్రిప్ట్‌లో అ, ఆ రెండూ ఒకే వేలి కింద ఒకదానిపై ఒకటి ఉంటాయి. ఆ హడావిడిలో 'అ' పడింది. నేను చూసుకోలేదు. మా నాయన చదివింది ఐదో తరగతి. కాగితం చేతికిస్తే నంబరు మీద వేలుపెట్టి, "ఇది మనది కాదు బిడ్డా, గట్టు అవతలిది" అన్నాడు. 2008లో విమానాశ్రయం మొదలైన తర్వాత మా వైపు ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. అటువంటి చోట ఒక్క దీర్ఘం తప్పితే గట్టే మారిపోతుంది.

తప్పు కీబోర్డుది కాదు, నాదే. అయినా పని ఎరిగి పనిముట్టు ఎంచుకోవాలని అప్పుడు తెలిసింది. ప్రోగ్రాములు రాసేవారికి, జాగా లేనివారికి చిన్నది మేలు. ల్యాబు రీడింగులు, లెక్కలు, తెలుగు దరఖాస్తులు కొట్టేవారికి అంకెల వరుస ఉన్నదే మేలు. కనీసం అరవై శాతం దానికన్నా తగ్గవద్దు. పక్క మంచం మిత్రుడి నిద్ర సంగతి కూడా ఆలోచించాలి!

నా బుల్లి కీబోర్డును అమ్మలేదు. ప్రాక్టికల్స్ నోట్సు దానితోనే రాస్తున్నాను. నాయన కాగితాలు మాత్రం పెద్దదాని మీదే కొట్టి, ఆయనకు ఒకసారి చదివి వినిపిస్తున్నాను. కొనేముందు ఎన్ని మీటలున్నాయని కాదు, ఏ మీటలు పోయాయో లెక్కపెట్టుకోండని మిత్రులకు నా మనవి.

- బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి