బరువనగా ఏ బరువు?

ఆంగ్ల భాషలో 'వెయిట్' అను మాటకు అర్థములు పెక్కు గలవు. త్రాసులో తేలిన తూకము వెయిట్. తూచుటకు వాడు తూనికరాయియు వెయిట్. మనస్సును క్రుంగదీయు చింత వెయిట్. నలుగురిలో చెల్లుబాటగు పలుకుబడియు వెయిట్. "ఆయన మాటకు వెయిట్ ఉన్నది" అని మనవారును అనుచుందురు. మోయుట అను అర్థము గల ధాతువు నుండి ఆ పదము పుట్టినది. మన 'వహించుట', 'వాహనము' అను మాటలకు దానితో చుట్టరికము కలదు.

సంస్కృతమున 'గురు' శబ్దమును ఇట్టిదే. గురువనగా బరువైనది, పూజ్యుడైన ఆచార్యుడును. దాని నుండి వచ్చిన 'గౌరవము' లోకమునకు మర్యాద, వైద్యునకు మాత్రము ఒళ్లు బరువెక్కుట అను రోగలక్షణము. కావున ఇంటిలో ఎవరైనను "బరువు" అన్నచో, అది ఏ బరువో మొదట తెలిసికొనవలెను.

మొదటిది తూకపు బరువు. యంత్రము ఎముకను, కండను, కొవ్వును, నీటిని కలిపియే తూచును. ఒక లీటరు నీరు ఒక కిలో తూగును. నాలుగైదు దినములలో రెండు మూడు కిలోలు పెరిగి, పాదములు వాచి, వ్రేలితో నొక్కినచోట గుంట పడినచో అది కొవ్వు కాదు, ఒంట చేరిన నీరు. ఉపవాసములతో కాలయాపన చేయక గుండె, మూత్రపిండములు, కాలేయము పరీక్ష చేయించవలెను. ప్రయత్నము లేకయే తూకము తగ్గుటయు సంతోషింపదగినది కాదు. మధుమేహము, క్షయ వంటి వ్యాధులు అట్లు బయటపడవచ్చును.

రెండవది ఆహారపు బరువు. కిలో మినుములు, కిలో పెసలు త్రాసునకు సమానమే, జఠరాగ్నికి కావు. మినుములు గురువు, పెసలు లఘువు. గురువైన పదార్థమును సగము తృప్తి కలుగునంత వరకే భుజింపవలెనని చరకుని ఉపదేశము. గారెలు వండిన నాడు గృహిణులు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

మూడవది ఒంటి బరువు, అనగా గౌరవము. తూకము పెరుగకయే ఇది కలుగును. అజీర్ణము వలన ఆమము చేరినను, జ్వరము రానున్నను ఒళ్లు బరువెక్కును. ఆరోగ్యవంతులకు ఒక పూట లంఘనము, శొంఠి వేసి కాచిన నీరు చాలును. గర్భిణులు, పిల్లలు, వృద్ధులు, మధుమేహమునకు మందు వాడువారు వైద్యుని అడుగక లంఘనము చేయరాదు.

ఒక మాట మరువరాదు. శరీరమున ఒక ప్రక్క చేయి గాని కాలు గాని హఠాత్తుగా బరువెక్కి, మూతి వంకరపోయి, మాట తడబడినచో అది ఆమము కాదు, పక్షవాతము. కషాయము కాచుచు కూర్చుండక తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. అచ్చట ప్రతి నిమిషమును విలువైనదే.

మాట ఒకటే, బరువులు వేరు, చికిత్సలును వేరు.